సెండాయ్ ప్రణాళికలో నష్టమునకు కొలబద్ద: పొన్నూరు ప్రాంతము నుండి ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు నాకు ఏడేండ్లు. దాదాపు పదివేలమంది మరణించిరి. అంతకంటె ఎక్కువేనని చెప్పువారు కూడ కలరు. బాపట్లలో ఒక దేవాలయములో తలదాచుకొనిన సుమారు నూరుమంది, ఆ కట్టడము కూలి చనిపోయిరని ఆనాటి వార్తలు తెలిపినవి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను అదే బాపట్ల దగ్గర తీరము దాటినది. ఈసారి మన రాష్ట్రములో ప్రాణనష్టము బహు స్వల్పము. ఈ రెండు తేదీల నడుమ ఏమి మారినది? ఏమి మారలేదు? ఈ ప్రశ్నలతో సెండాయ్ ప్రణాళికను చదువుటయే ఈ వ్యాసోద్దేశము.

ప్రణాళిక నేపథ్యము

ఐక్యరాజ్యసమితి 1990 నుండి 1999 వరకు గల దశాబ్దమును ప్రకృతి వైపరీత్యముల తగ్గింపునకు ప్రత్యేకించినది. 1994లో యొకహామా సదస్సు జరిగినది. 2004 డిసెంబరు 26న సునామీ సంభవించిన కొద్ది వారములకే, 2005 జనవరిలో, జపానులోని కోబే నగరమున 168 దేశములు హ్యోగో ప్రణాళికను అంగీకరించినవి. ఆ సంవత్సరమే మన పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టమును చేసినది. హ్యోగో గడువు ముగియగా, 2015 మార్చి 18న సెండాయ్ ప్రణాళిక వచ్చినది. దాని గడువు 2030. నాలుగు ప్రాధాన్యతలు, ఏడు లక్ష్యములు గల ఈ పత్రము దేశములు స్వచ్ఛందముగా అంగీకరించినదే గాని, చట్టబద్ధమైన సంధి కాదు.

అంగీకరింపదగిన సత్యము

ఈ పత్రములోని మూలభావము మన ప్రసంగ వేదికలకు అవసరమైనది. గాలి, వాన వాటంతట అవే విపత్తు కావు. బలహీనమైన గోడ, పూడిపోయిన మురుగు కాలువ, అందని హెచ్చరిక, పేదరికము తోడైనప్పుడే అవి విపత్తు అగుచున్నవి. కాబట్టి సహాయము పంచుట కంటె ముందు ముప్పును తగ్గించుట పాలకుల విధి.

ఇది లేఖనమునకు క్రొత్త సంగతి కాదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 విధించుచున్నది. ఎవడైన పడిన తరువాత ఏడ్చుట కాదు, పడకుండ ముందే కట్టుట అక్కడి ధర్మము. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులను తలంపును ప్రభువు త్రోసివేసెను (లూకా 13:4). బాపట్ల దేవాలయములో చనిపోయినవారిని గూర్చియు మనము వేరుగా చెప్పజాలము. పరిచర్య తొలిదినములలో నేను కూడ తుపానులను దేవుని శిక్ష అని మాత్రమే బోధించితిని. గోడ ఎందుకు కూలెనని అడుగలేదు. ఈ ఒప్పుకోలు లేక ఇతరుల పత్రమును విమర్శించుట న్యాయము కాదు.

విమర్శ: ఏ త్రాసులో తూచవలెను?

మొదటి లక్ష్యము మరణములను తగ్గించుట. హెచ్చరికలు, తుపాను ఆశ్రయములు, జనులను ముందే తరలించుట వలన మన తీరమున ఇది చాలవరకు నెరవేరినది. 1990 మే తుపానులో సైతము వెయ్యికి చేరువగా మరణించిరని తలంచినయెడల, ఈ మార్పు ఎంత గొప్పదో తెలియును. ఇందుకు దేవునికి కృతజ్ఞతలు, పాలకులకు అభినందనలు చెల్లింపవలెను.

చిక్కు మూడవ లక్ష్యములో ఉన్నది. ప్రత్యక్ష ఆర్థిక నష్టమును ప్రపంచ స్థూల ఉత్పత్తితో పోల్చి తగ్గించవలెనని అది చెప్పుచున్నది. వ్యవసాయ నష్టమును లెక్కించు సూచిక దీని క్రింద ఉన్నది. జీవనోపాధి దెబ్బతిన్నవారి సంఖ్యను రెండవ లక్ష్యము అడుగుచున్నది. అయినను నష్టమును తూచు త్రాసు ప్రపంచపు ఐశ్వర్యమే.

మిగ్‌జాం వచ్చినది వరికోతల వేళ. మా సంఘములో మూడెకరములు కౌలుకు చేయు ఒక కుటుంబము ఉన్నది. కోసి ఆరబెట్టిన పనలు నీట నాని, గింజ మొలకెత్తినది. నష్టపు జాబితాలో భూయజమాని పేరు వచ్చినది. కౌలు బస్తాలు మాత్రము వీరే కొలువవలసి వచ్చినది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు కార్డు ఇచ్చుచున్నది గాని, దానికి యజమాని సంతకము కావలెను. మన ప్రాంతపు కౌళ్లలో అనేకములు నోటిమాటవే. ప్రపంచ ఉత్పత్తి ఎదుట ఆ మూడెకరముల ధాన్యము ధూళి వంటిది. ఆ ఇంటికి అదే సమస్తము.

కానుకపెట్టె యెదుట కూర్చుండిన ప్రభువు త్రాసు వేరు (మార్కు 12:41-44). ధనవంతులు వేసినది ఎంత అని గాక, వేసిన తరువాత విధవరాలికి ఏమి మిగిలెనని ఆయన చూచెను. నష్టమును కూడ అట్లే కొలువవలెను: పోయినది ఎంత అని మాత్రమే కాదు, మిగిలినది ఏమి అని.

దేశములను పోల్చుటకు మొత్తపు లెక్క తప్పదు కదా అని కొందరు అడుగవచ్చును. నిజమే. అయితే దేనిని కొలిచెదమో దానినే కాపాడెదము. విలువను మాత్రమే కొలిచినయెడల, రక్షణ ధనము విలువైన ఆస్తులున్న చోటికే పోవును. మురుగు కాలువలోని గుర్రపుడెక్క మరుసటి వానకు కూడ అక్కడనే ఉండును.

ముగింపు

సెండాయ్ పత్రము ప్రాణములను లెక్కించుట నేర్పినది. బ్రతికి మిగిలినవాని బ్రతుకును తూచుట ఇంకను నేర్వవలసి యున్నది. మనము కూడ నేర్వవలెను. ఆ తుపాను తరువాత మా సంఘము అందరికి సమానముగా బియ్యము, దుప్పట్లు పంచినది. పొలము ఎవరిది, సాగు ఎవరిది, అప్పు ఎవరిది అని మేము అడుగలేదు. కాపరులు తమ సంఘములోని కౌలుదారుల జాబితాను నాట్లనాడే వ్రాసికొనవలెను. కార్డు సంతకము కొరకు యజమానులతో మాటలాడవలెను. ఆ యజమానులలో మన విశ్వాసులు కూడ ఉన్నారు. క్షేత్రపరిచర్యకు వచ్చు వేదాంత విద్యార్థులు దేవాలయపు పైకప్పును, గోడలను ఇంజనీరుచేత చూపించుటయు పరిచర్యయేనని గ్రహింపవలెను. 1977లో బాపట్ల దేవాలయమునకు పరుగెత్తినవారు దానిని నమ్మి వచ్చిరి. ఆ నమ్మకమునకు తగిన గోడలు కట్టుట మన వంతు.