చెరిగిన గట్టు, పెరిగిన గజం

పొలం బేరంలో ధరకంటే ముందు వచ్చే ప్రశ్న "దారి ఉందా?" అని. పక్కవాడి గట్టు మీదుగా నడిచి చేరుకోవాల్సిన ఇరవై సెంట్ల చెక్కను ఎవరూ మంచి ధరకు అడగరు. అదే చెక్క చుట్టుపక్కల చెక్కలతో కలిసి రోడ్డు మొహం చూసిందా, లెక్కే వేరు. ఇంత చిన్న సంగతి మీద లేపిన పెద్ద కట్టడం అమరావతి రాజధాని భూసమీకరణ. రాజకీయం కాసేపు పక్కనబెట్టి, 2015 నాటి ఆ నిబంధనలను పనితనంగా చూద్దాం.

కృష్ణ ఒడ్డున 29 గ్రామాలు, 33 వేల ఎకరాలకు పైమాట. రైతు పొలం ఇస్తాడు. డబ్బుకు బదులు రోడ్డూ డ్రైనేజీ వేసిన స్థలం తీసుకుంటాడు. మెట్ట ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఏడాది పొడుగునా పంట నిలిచే జరీబుకూ ఇంటి స్థలం అదే 1,000. వాణిజ్యం మాత్రం 450. నాకు ముచ్చటేసింది ఇక్కడే. ఇంటి జాగాలో మెట్ట, జరీబు తేడా పెట్టలేదు. నేల సారానికి కట్టిన వెలను దుకాణం గజాల్లోకి దింపారు. ఆ లెక్క వేసినవాడికి పొలమూ తెలుసు, బజారూ తెలుసు.

ఎకరా అంటే 4,840 గజాలు. మెట్ట రైతుకు తిరిగొచ్చేది పావు వంతు, జరీబు రైతుకు ముప్పై శాతం. గజం ధర దాదాపు నాలుగు రెట్లయితేనే మెట్ట రైతుకు గిట్టుబాటు. ఇందాకటి ఇరవై సెంట్లు మెట్టే అనుకుంటే 200 గజాల ఇంటి ప్లాటు, 50 గజాల వాణిజ్యం చేతికొస్తాయి. ఆ 50 గజాలు ఒంటరిగా దేనికీ చాలవు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి ఉమ్మడి ప్లాటు కోరే వీలుంచారు. ఎప్పుడో పంపకాల్లో వేసుకున్న గట్టు అన్నదమ్ముల మధ్య అలా చెరిగింది.

ఈలోగా రైతు బతకాలి కదా. మెట్టకు ఏటా 30,000, జరీబుకు 50,000 కౌలు, ఏడాదికింత పెంపుతో పదేళ్లు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 పింఛను. కాగితం మీద కూలీని మరవకపోవడం నిజంగా మెచ్చుకోవాలి.

అతుకు ఒక్కచోటే బలహీనం: రోడ్లు వేయాల్సింది ప్రభుత్వం. 2019లో పనులు ఆగాయి, ఆ ఏడాది చివర్లో మూడు రాజధానుల మాట వచ్చింది, నంబర్లు పడ్డ ప్లాట్లను కంప కమ్మింది. 2024లో గానీ ఆ కంప కొట్టలేదు. మధ్యలో ఆ అయిదేళ్లూ పొలం మళ్లీ దున్నుకుందామన్నా, ప్లాన్‌లో ఎవరి పొలానికీ గట్టు లేదు.