డిజిటల్ ఛాయాచిత్రణ బోధనగ్రంథాల ఎంపిక: అనుబంధచతుష్టయ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

డిజిటల్ ఛాయాచిత్రణను పుస్తకం ద్వారా నేర్చుకోదలచిన తెలుగు అభ్యాసకునికి ప్రధానంగా దిక్కయ్యేవి ఆంగ్లగ్రంథాలే. వాటి ఎంపికలో ప్రచారం, ధర, కెమెరా పేరు ప్రమాణాలవుతున్నాయి గాని, ఆ గ్రంథం ఎవరి కోసం రాసినది, ఏ దేశపు వెలుగులో రాసినది అనే ప్రశ్న తలెత్తడం లేదు. శాస్త్రగ్రంథాలకు పూర్వులు నిర్దేశించిన అనుబంధచతుష్టయాన్ని ఈ రంగానికి అన్వయించి, అనకాపల్లి జిల్లా పరవాడ ప్రాంతపు అభ్యాసకుణ్ణి దృష్టిలో ఉంచుకొని, కొన్ని ప్రసిద్ధ గ్రంథాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రణ, బోధనగ్రంథం, అనుబంధచతుష్టయం, అధికారి, పరిభాష, పరవాడ.

1. ఉపోద్ఘాతం

తెలుగునేలపై ఛాయాచిత్రణ చాలాకాలం గురుముఖంగా సాగిన విద్య. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలం నుంచి నిన్నమొన్నటి చిన్నపట్టణాల స్టూడియోల వరకు, చీకటిగదిలో ఒకరి పక్కన నిలబడి నేర్చుకొన్నవారే ఎక్కువ. డిజిటల్ కెమెరా చీకటిగదిని తొలగించింది. దానితో పాటు గురువు పక్కనున్న ఆ చోటు కూడా పోయింది. ఇప్పుడు అభ్యాసకుడు ఒంటరి. అతని చేతిలోని పుస్తకమే గురువు చేయవలసిన పనిని చేయాలి. తగని పుస్తకం చేతికొస్తే అతడు పుస్తకాన్ని తప్పుపట్టడు, ఈ విద్య తనకు రాదనుకొంటాడు. ఎంపిక అనే చిన్నవిషయాన్ని విమర్శకు తీసుకోవడానికి కారణం ఇదే.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో పరవాడ ఒక మండలకేంద్రం. ఒకవైపు జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ, ఎన్‌టీపీసీ వారి 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రం. మరొకవైపు ముత్యాలమ్మపాలెం తీరం, పల్లెకారుల పడవలు. కర్మాగారపు ఆవిరి, ఉప్పుగాలి, వరిమడి ఒకే చూపులో కనిపించే ప్రాంతమిది. ఇక్కడ కెమెరా పట్టిన యువకునికి వస్తువు కొరత లేదు. కొరత ఉన్నది ఆ వస్తువుకు తగిన పాఠానికి.

2. విషయం, ప్రయోజనం

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని గ్రంథారంభంలోనే తేల్చిచెప్పాలన్నది శాస్త్రకారుల నియమం. మొదటి రెండింటిని గురించి చెప్పవలసినది కొంచెమే. ఛాయాచిత్రణ గ్రంథాలలో కొన్నింటికి విషయం యంత్రం, కొన్నింటికి వెలుగు. ఏ మీట ఎక్కడుందో చెప్పే పుస్తకం ఆ కెమెరాతోనే పాతబడుతుంది. కెమెరాతో వచ్చిన కరదీపిక ఉండగా అలాంటిదానికి డబ్బు పోయడం వృథా.

ప్రయోజనం విషయంలో రెండు ప్రసిద్ధ గ్రంథాలను పక్కపక్కన ఉంచి చూడవచ్చు. స్కాట్ కెల్బీ ‘ద డిజిటల్ ఫోటోగ్రఫీ బుక్’ (2006) సిద్ధాంతాన్ని ఉద్దేశపూర్వకంగా పక్కనపెట్టి, ఫలానా చిత్రం కావాలంటే ఫలానా అమరిక పెట్టమని చెబుతుంది. బ్రయాన్ పీటర్సన్ ‘అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్’ (తొలి ముద్రణ 1990) ద్వారపరిమాణం, షట్టరు వేగం, ఐ.ఎస్.ఓ. అనే మూడింటి పరస్పర సంబంధాన్ని పట్టుకొని కారణం చెబుతుంది. మొదటిది వంటలక్క చెప్పే కొలత వంటిది. వండబోయే కూర మారితే ఆ కొలత పనికిరాదు. పెళ్లి ఫోటోలు రేపే తీయవలసినవానికి కెల్బీ ఉపకరిస్తాడు. ఏడాదిపాటు నేర్చుకొనే ఓపిక ఉన్నవానికి పీటర్సనే మేలు.

కళాశాల గ్రంథాలయాల్లో ఫిల్ముకాలపు పుస్తకాలు దొరికినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఆన్సెల్ ఆడమ్స్ ‘ద నెగెటివ్’ (1981) నేటికీ చదవదగిన గ్రంథమే. అయితే నెగెటివ్ ఫిల్ములో నీడల వివరం పోతే తిరిగి రాదు కనుక, అక్కడ నీడను చూసి కాంతిని నిర్ణయించమన్నారు. డిజిటల్ గ్రాహకంలో పరిస్థితి తలకిందులు: అతివెలుగుతో నిండిపోయిన బిందువులో ఏ సమాచారమూ మిగలదు కనుక, ముందు వెలుగును కాపాడుకోవాలి. అనకాపల్లి సమీపాన శంకరంలోని బొజ్జన్నకొండ గుహలో నిలబడి ద్వారం వైపు చిత్రం తీసేవాడు ఆడమ్స్ సూత్రాన్ని మక్కికిమక్కిగా పాటిస్తే, గుహలోని గోడ కనిపిస్తుంది గాని బయటి ఆకాశం, స్తూపాల గుట్ట తెల్లకాగితమవుతాయి. సూత్రం తప్పు కాదు, అది పుట్టిన మాధ్యమం వేరు. పాతపుస్తకాన్ని విద్యార్థికి సూచించే అధ్యాపకుడు ఈ ఒక్క అధ్యాయం గురించి ముందే హెచ్చరించాలి.

3. సంబంధం: గ్రంథానికీ వెలుగుకూ

వేదాంతగ్రంథాలలో సంబంధమంటే గ్రంథానికీ విషయానికీ గల బోధ్యబోధకభావం. ఇక్కడ దాన్ని కొంత విస్తరించి, గ్రంథంలోని వెలుగుకూ చదివేవాని ఊరి వెలుగుకూ గల సంబంధమని చెప్పుకోవాలి. ఆంగ్లగ్రంథాల ఎంపికలో విమర్శకులు పట్టించుకోని అంశం ఇదే.

సూర్యోదయం తరువాత, సూర్యాస్తమయానికి ముందు వచ్చే బంగారు వెలుగును దాదాపు ప్రతి గ్రంథమూ కీర్తిస్తుంది. పొద్దు క్షితిజానికి 6 డిగ్రీల ఎత్తున ఉన్నప్పటి నుంచి కుంకే దాకా ఆ వెలుగని అనుకొంటే, విషువద్దినాన అది లండనులో (ఉత్తర అక్షాంశం 51.5) సుమారు 38 నిమిషాలు, పరవాడలో (17.6) సుమారు 25 నిమిషాలు. డిసెంబరు చివర లండనులో అది 55 నిమిషాలకు చేరుతుంది. అక్కడ అప్పుడు మధ్యాహ్నపు పొద్దే 15 డిగ్రీలు దాటి పైకి రాదు. అలాంటి దేశాల్లో రాసిన పుస్తకం తాపీగా స్థలం వెతుక్కోమంటుంది. పరవాడలో వెతికేలోపు పొద్దు కుంకుతుంది. మే రెండో వారంలోనూ ఆగస్టు తొలిరోజుల్లోనూ ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కనుబొమల కింద కళ్లు నల్లటి గుంటలయ్యే ఆ వెలుగులోనే పొలంపనీ, చేపల అమ్మకమూ సాగుతాయి. మధ్యాహ్నం కెమెరా మూసిపెట్టమనే సలహా ఇక్కడి జీవితంలో సగభాగాన్ని మూసిపెట్టమనడమే. ఎదురుగా ఉన్న తెల్లగోడనో పరిచిన పంచెనో ఆధారం చేసుకొని నీడలోకి వెలుగును మళ్లించడం నేర్పే పుస్తకమే ఈ నేలకు తగినది.

దిక్కు సంగతీ అలాంటిదే. అమెరికా పడమటితీరపు ఉదాహరణల్లో పొద్దు సముద్రంలో కుంకుతుంది. ముత్యాలమ్మపాలెంలో సముద్రం మీద పొద్దు పొడుస్తుంది, పడవలు ఒడ్డుకు చేరే వేళ కూడా అదే. ఇక్కడ సాయంత్రపు పాఠాన్ని ఉదయానికి తిప్పుకొని చదవాలి.

కెమెరాలోని కాంతిమాపకం తాను చూసిన ప్రతి దృశ్యాన్నీ సుమారు 18 శాతం కాంతిని తిప్పికొట్టే బూడిదరంగుగా భావిస్తుంది. ఈ కీలకాంశాన్ని ఆంగ్లగ్రంథాలు మంచుతో బోధిస్తాయి: మంచు బూడిదరంగులో వచ్చింది కనుక కాంతిని పెంచమంటాయి. మంచును చూడని పాఠకునికి ఇది కంఠస్థమవుతుంది గాని అనుభవం కాదు. ఉతికి ఆరేసిన పంచె, అలనురుగు, విద్యుత్కేంద్రపు తెల్లని ఆవిరి మంచు స్థానంలో ఉంటే చాలు. బొగ్గుగుట్ట, గేదె వీపు అందుకు వ్యతిరేకోదాహరణలు. అక్కడ కాంతిని తగ్గించాలి. తెల్లచొక్కా తొడిగి సున్నపుగోడ ముందు నిలిచిన చామనఛాయ మనిషి ముఖం ఎందుకు నల్లబడుతుందో కూడా ఈ పాఠంతోనే తేలుతుంది. కొడాక్ సంస్థ ముద్రణాలయాలకు పంపిన రంగుసరిచూపు కార్డులపై చిరకాలం తెల్లజాతి యువతుల ముఖాలే ఉండేవన్నది ప్రసిద్ధం. పుస్తకంలోని ముఖాల నమూనాలు కూడా అలాంటివే అయినప్పుడు, పుటలు తిరగేస్తూనే దాన్ని గమనించవచ్చు.

స్థలకాలాలకు అతీతంగా నిలిచే గ్రంథం ఒకటి ఉంది: ఫిల్ హంటర్, పాల్ ఫుక్వాలు రచించిన ‘లైట్: సైన్స్ అండ్ మ్యాజిక్’ (1990). వస్తువు వెలుగును ఎలా తిప్పికొడుతుందన్నదే దానికి విషయం. చెదిరిన ప్రతిఫలనం, నేరు ప్రతిఫలనం అన్న భేదం తెలిసినవాడు అనకాపల్లి బెల్లపు అచ్చు మీది మెరుపును ఉంచాలో తీసెయ్యాలో తానే తేల్చుకొంటాడు. ఆ గ్రంథంలో బెల్లం లేదు. ఉండనవసరం కూడా లేదు.

4. అధికారి

నాలుగింటిలో ఎక్కువ ఉపేక్షకు గురైనది ఇది. అధికారి అంటే ఆ గ్రంథాన్ని అందుకోగల అర్హత ఉన్నవాడు. ఆ అర్హతను పాఠకుని వైపు నుంచే చూడడం అలవాటు; అందుకోలేకపోతే లోపం అతనిదంటారు. ఇక్కడ ప్రశ్నను తిప్పి, గ్రంథం ఏ పాఠకుణ్ణి ఊహించుకొందని అడగాలి. పై గ్రంథాల పాఠకుని చేతిలో మార్చుకోదగిన కటకాలున్న కెమెరా ఉంది. పరవాడ అభ్యాసకుని చేతిలో చాలాసార్లు ఉన్నది ఫోను. చాలా ఫోన్లలో కటకద్వారం స్థిరం; దాన్ని చిన్నదిగా, పెద్దదిగా మార్చమనే అధ్యాయాలు అతనికి అక్షరాలా ఆచరణసాధ్యం కావు. షట్టరు వేగం, వెలుగు దిశ, నిలబడే చోటు, నేపథ్యం అన్న పాఠాలు మాత్రం ఫోనుకూ వర్తిస్తాయి. పుస్తకం కొనే ముందు విషయసూచికలో వీటి పాలు ఎంతో లెక్కించడం మంచి పద్ధతి.

ఇక భాష. తెలుగు మాధ్యమంలో పదోతరగతి చదివిన విద్యార్థికి కటకం, నాభి, నాభ్యంతరం, వక్రీభవనం తెలుసు. అతడు ‘ఫోకల్ లెంగ్త్’ అన్న మాటను ఫోటోగ్రఫీ పుస్తకంలో కొత్తవింతగా చూస్తాడు. తాను పరీక్షలో పటం గీసి రాసిన నాభ్యంతరమే అదని చెప్పేవారుండరు. తెలుగులో రాయబూనేవారు సైతం ఆంగ్లపదాన్ని తెలుగులిపిలోకి మార్చి ఊరుకొంటే ఈ అగాధం పూడదు. షట్టరు, లెన్సు, ఫ్లాష్ వంటివి వాడుకలో కుదురుకొన్నాయి కనుక వాటికి సంస్కృతసమాసాలు కట్టనక్కరలేదు. తెలుగు కావలసినది పేరుకు కాదు, వివరణకు.

ఇందుకు ద్వారపరిమాణమే మంచి ఉదాహరణ. ఎఫ్/2 పెద్దది, ఎఫ్/16 చిన్నది కావడం ప్రతి నూతనాభ్యాసకుణ్ణీ తికమకపెడుతుంది. అది భిన్నమని పీటర్సన్ మొదలు అందరూ చెబుతారు. అయినా 16 అన్న అంకె కంటికి పెద్దదిగానే కనిపిస్తుంది. తెలుగులో ఈ భిన్నాలకు పేర్లున్నాయి: రెండింట ఒకటి అర, నాలుగింట ఒకటి పావు, ఎనిమిదింట ఒకటి బేడ, పదహారింట ఒకటి వీసం. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకంలో అర అంటే 25 మిల్లీమీటర్ల ద్వారం, పావు అంటే 12.5, బేడ అంటే 6.25, వీసం అంటే 3కు కాస్త పైన. అర కంటే వీసం పెద్దదని పొరబడే తెలుగువాడు ఉండడు. బేడ అణాలతో పాటు మరుగునపడినా, ‘వీసమెత్తు’ ఇంకా నోళ్లలో ఉంది. వ్యాసం సగమైతే వైశాల్యం పావు అవుతుంది కనుక, అరకూ పావుకూ మధ్య ఎఫ్/2.8 అనే మెట్టు ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడి నుంచే వివరించవచ్చు. ఈ పట్టికను తెలుగులో రాసి ఎక్స్‌పోజరు అధ్యాయం పక్కన అంటించి ఇవ్వగల అధ్యాపకుడు ఉన్న కళాశాలకు పీటర్సన్ గ్రంథం ఒక్క ప్రతి చాలు. అలాంటివారు లేనిచోట అదే గ్రంథం పది ప్రతులున్నా, మొదటి రెండు అధ్యాయాల పుటలు మాత్రమే నలుగుతాయి.