కాలం ఎవరి చేతిలో ఉంది?

రాకుమారిని ఎవడో ఎత్తుకుపోతాడు. ఇంకొకడు వెళ్లి విడిపించుకొస్తాడు. ఈ మధ్యలో ఆమె ఏం ఆలోచించిందీ, ఏం చేసిందీ కథ అడగదు. పురాణాల్లో, జానపదాల్లో, సినిమాల్లో ఈ కథని మన స్త్రీవాద విమర్శ చాలాకాలంగా నిలదీస్తూనే ఉంది. అదే కథ వీడియో ఆటల్లోకి వెళ్లి నలభై ఏళ్లు దాటింది. 1981లో ‘డాంకీ కాంగ్’లో గొరిల్లా ఎత్తుకుపోయిన పౌలిన్, 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఏ కోటకి వెళ్లినా ‘ఇంకో కోటలో ఉంది’ అనిపించుకునే రాకుమారి – వీళ్ల వారసురాళ్లతోనే మన పిల్లలు గంటలు గంటలు గడుపుతున్నారు. ఆ ఆటల్ని మనం ఇంకా చదవదగ్గవిగా లెక్కలోకి తీసుకోలేదు.

గెంతుతూ, నిచ్చెనలెక్కుతూ సాగే ఆటల్ని ప్లాట్‌ఫార్మర్లంటారు. గెంతడంతో పాటు ప్రతిచోటా ఒక చిక్కుముడి కూడా విప్పాల్సి వస్తే అది పజిల్ ప్లాట్‌ఫార్మర్. ఈ కోవలో విమర్శకులు ఎక్కువగా చర్చించిన వాటిలో ‘బ్రెయిడ్’ ఒకటి. జొనాథన్ బ్లో రూపొందించగా డేవిడ్ హెల్‌మన్ బొమ్మలు వేసిన ఈ ఆట 2008 ఆగస్టులో వచ్చింది. కొత్త హంగులతో 2024లో మళ్లీ విడుదలైంది. బ్రెయిడ్ అంటే జడ. కోటూ టై కట్టుకున్న టిమ్ అనే చిన్న మనిషి, తన తప్పు వల్ల దూరమైన రాకుమారిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఆమె చివాలున అటు తిరిగినప్పుడు తనకి తగిలిన జడ అతనికి గుర్తుంది. ఆమె ముఖం గురించి మాత్రం ఆట మనకి పెద్దగా ఏమీ చెప్పదు.

ఈ ఆటలో టిమ్ చావడు. గోతిలో పడితే ఒక మీట నొక్కాలి, కాలం వెనక్కి జరుగుతుంది, పడకముందు ఎక్కడున్నాడో అక్కడికి వస్తాడు. ఒక్కో లోకంలో కాలానికి ఒక్కో సూత్రం. ఒకచోట టిమ్ కుడికి నడిస్తే లోకం ముందుకి, ఎడమకి నడిస్తే వెనక్కి జరుగుతుంది, అతను నిలబడితే అన్నీ నిలబడిపోతాయి. ఇంకోచోట అతని దగ్గర ఒక ఉంగరం ఉంటుంది. దాన్ని నేల మీద పెడితే చుట్టుపక్కల కాలం మందగిస్తుంది. అది పెళ్లి ఉంగరమని అక్కడి రాతల్ని బట్టి అర్థమవుతుంది. దాన్ని చూస్తే జనం తన దగ్గరికి రావడానికి జంకుతున్నారని టిమ్ బాధ. అందుకే జేబులో దాచేసుకుంటాడు. అవసరమైనప్పుడు తీసి పెట్టుకోగల, అక్కర్లేనప్పుడు దాచేయగల పెళ్లిగుర్తు! మెడలో తాళి ఉన్నా లేకపోయినా జవాబు చెప్పుకోవాల్సిన మనకి ఈ వెసులుబాటు ఎవరిదో విడమర్చి చెప్పక్కర్లేదు.

విమర్శకులు ఈ ఆటని మెచ్చుకున్నది ముఖ్యంగా అర్థాన్ని ఆట నియమాల్లోనే పొదిగినందుకు. పశ్చాత్తాపం గురించి ఉపన్యాసమివ్వకుండా, వెనక్కి తిప్పే మీటని ఆడేవాళ్ల చేతికే ఇచ్చిందన్నారు. ఆటల రూపకర్త కెలీ శాంటియాగో అనే మహిళ, వీడియో ఆటలు కళే అని వాదిస్తూ చూపించిన ఉదాహరణల్లో ఇదొకటి. ఆమెకి జవాబుగా సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో రాసిన వ్యాసంలో, చదరంగంలో వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటే ఆటకున్న క్రమశిక్షణే పోతుందని ఆక్షేపించాడు. అదే ఏడాది తర్వాత తన పట్టు కొంత సడలించుకున్నాడు.

ఈ ఇద్దరి వాదనలోనూ నాకు కనపడని ప్రశ్న ఒకటుంది. ఎత్తు వెనక్కి తీసుకునే హక్కు ఎవరికుంది? తప్పుకి శిక్ష లేకుండా, తప్పు నేర్పిన పాఠం మాత్రం మిగిలే లోకం ఉంటే ఎంత బాగుంటుందని టిమ్ కలగంటాడు. ఇంట్లో చెయ్యి చేసుకున్నవాడు తెల్లారి ‘జరిగిందేదో జరిగింది, మర్చిపో’ అనడంలో ఉన్నది ఈ కలే. అతను మీట నొక్కేస్తాడు. ఆమె ఒంటి మీద మాత్రం కాలం వెనక్కి పోదు. ఈ ఆటలోనే ఒక లోకంలో ఆకుపచ్చగా మెరిసే కొన్ని తాళంచెవులూ తలుపులూ ఉన్నాయి. టిమ్ కాలాన్ని ఎంత తిప్పినా అవి లొంగవు, జరిగింది జరిగినట్టే ఉంచుతాయి. తాళంచెవికి దక్కిన ఆ స్వతంత్రం రాకుమారికి దక్కలేదు.

చివరి ఘట్టం గురించి విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. రాకుమారి ఒక యోధుడి చేతుల్లోంచి జారి పరుగెడుతుంది. పైన ఆమె, కింద టిమ్. వెనక నిప్పుల గోడ. ఆమె మీటలు లాగుతుంటే టిమ్‌కి దారి తెరుచుకుంటున్నట్టుంటుంది. తీరా ఆమె పడకగది దాకా చేరాక కాలం తిరగబడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఇంతసేపూ మనం చూసింది తలకిందులని. నిజానికి ఆమె పారిపోతున్నది టిమ్ నుంచి. ఆ యోధుడు ఆమెని కాపాడినవాడు.

దమ్మాయిగూడలో మా పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఈ ఘట్టం నాతో కూర్చుని ఆడింది. కాలం తిరగబడ్డాక ఒక్క నిమిషం చూసి, “అక్కా, ఆమె మనకు దారి ఇస్తలేదు, అడ్డం పెడ్తున్నది” అంది. కాస్సేపాగి, “మరి మనమెందుకు ఎంబడి పడ్తున్నం?” అంది. బస్టాపు నుంచి ఇంటి దాకా వెంటపడేవాడు ప్రేమికుడని పాటలు పెట్టి మరీ చూపించిన సినిమాలు చూస్తూ పెరిగిన అమ్మాయి ఆ ప్రశ్న అడగ్గలిగింది. ఈ ఆట సాధించిందేమిటంటే నేను మొదట చెప్పేది ఇదే. వెంటాడేవాడి కాళ్లలో మనల్ని నిలబెట్టి, మన చేత్తోనే ఆ మీటలు నొక్కించి, ఆ తర్వాత సిగ్గుపడేలా చేసింది.

కానీ ఆట అక్కడ ఆగలేదు. ముగింపు రాతల్లో మొదటి అణుబాంబు పరీక్షని తలపించే మాటలున్నాయి. దాచిపెట్టిన నక్షత్రాలు కష్టపడి పోగేసిన వాళ్లకి రాకుమారిని అందుకునే అవకాశం వస్తుంది. అందుకోగానే ఆమె పేలిపోతుంది. అంటే రాకుమారి అణుబాంబు, లేదా మనిషి వెంటపడి వెంటపడి సాధించే ప్రమాదకరమైన జ్ఞానం. చాలామంది వ్యాఖ్యాతలకి ఇక్కడే ఆట గొప్పతనం కనిపించింది. నాకు ఇక్కడే పాత పరిచయం కనిపించింది. కృష్ణశాస్త్రి ఊర్వశి దగ్గర్నుంచి మనకి తెలిసిన సంగతే ఇది. స్త్రీ మనిషిగా నిలబడే సమయానికి ఆమెని ప్రతీకని చేసి మేఘాల్లోకి పంపేస్తారు. వెంటాడటం తప్పని ఒప్పుకున్న మరుక్షణం ఆమె బాంబు అయిపోయింది. పశ్చాత్తాపమూ అతనిదే, విషాదమూ అతనిదే.

ఆమె గొంతు అసలే లేదా? ఉంది. ముగింపులో టిమ్ కొన్ని వస్తువుల వెనక్కి వెళ్లి కనపడకుండా నిలబడితే, తెర మీది రాత మారుతుంది. అతను రక్షణగా వేశాననుకున్న చెయ్యి ఆమెకి మెడకి బిగిసిన బరువుగా అనిపించిందని అప్పుడు చదువుతాం. అతను పక్కకి తప్పుకుంటే తప్ప ఆమె మాట వినపడదు. ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే నిజమనిపించింది ఇదే. దాన్ని చాలామంది చూడకుండానే దాటిపోయేంత మూలన పెట్టారు.

చిక్కుముడి విప్పే తెలివి రాకుమారికే ఉంటే? మన బాలనాగమ్మ కథని ఈ కళ్లతో మళ్లీ చూడాలి. 1942లో కాంచనమాల నటించిన సినిమా కంటే ఎంతో ముందు నుంచీ బుర్రకథల్లో, నాటకాల్లో ఉన్న కథ అది. మాయల మరాఠీ చెరలో ఆమె నోము పేరుతో ఏళ్ల తరబడి గడువు సంపాదించింది. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న రహస్యం రాబట్టింది. సముద్రాలు దాటిన ఘనత కొడుక్కి దక్కింది కానీ, పజిల్ విప్పింది తల్లి. అక్కడ కాలం ఆమె ఆయుధం. 2005లో అమెరికాలో కిమ్ స్విఫ్ట్ తోటి విద్యార్థులతో కలిసి చేసిన ‘నార్బాక్యులర్ డ్రాప్’లో రాకుమారికి మోకాళ్లు లేవు, గెంతలేదు. ద్వారాల గుండా దారి చేసుకుంటూ చెర నుంచి బయటపడుతుంది. ఆ ఊహే 2007లో ‘పోర్టల్’ అయింది. ఇక విడిపించాక ఏమిటి అన్న ప్రశ్నని మనవాళ్లలో ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత చేత అడిగించింది. ‘బ్రెయిడ్’ అంతదూరం వెళ్లలేదు.

ఇలాంటి మాటలు అనడం ఆడవాళ్లకి తేలిక కాదు. ఆటల్లో చెరపడ్డ స్త్రీల గురించి 2013లో వీడియో వ్యాసాలు మొదలుపెట్టిన అనీటా సర్కీసియన్‌ని ఏళ్ల తరబడి వేధించారు. 2014 అక్టోబరులో యూటా రాష్ట్రంలోని యూనివర్సిటీలో కాల్పులు జరుపుతామని బెదిరింపు వస్తే ఆమె ఉపన్యాసం రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ‘ఆటే కదా’ అని కొట్టిపారేసేదానికి అంత కోపమెందుకు? ఆ మీట తమ చేతిలోంచి జారిపోతుందన్న భయం వల్లనే.

‘బ్రెయిడ్’ వెంటాడేవాడి నేరాన్ని ఒప్పుకున్న మంచి ఆట. నేరం ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ రాత్రి కిటికీ బయట అతన్ని చూసి లేచి పరుగెత్తినప్పుడు ఆమె ఏమనుకుందో ఆమె ఆటగా రావాలి. దాన్ని చేసే అమ్మాయిలు మన క్లాసుల్లోనే ఉండొచ్చు. ముందు మనం వాళ్లతో కూర్చుని ఆడాలి, చదవాలి, రాయాలి.