అంగుళం వాటం

బకెట్టు, మగ్గు పెట్టుకుని స్నానం చేసే మన అలవాటు వల్ల నీళ్లు ఒక మూలకు పరిమితం కావు. గదంతా తడుస్తుంది. కాబట్టి నేలంతా పనిచెయ్యాలి: కంటికి చదునుగా కనిపించాలి, నీటికి మాత్రం పల్లం తెలియాలి. మంచి టైల్స్ మేస్త్రీ నేర్పు ముందు ఇక్కడే బయటపడుతుంది. రంగులూ డిజైన్లూ తరవాతి సంగతి.

అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న మామూలు గదినే చూద్దాం. తలుపుకు దూరంగా ఉన్న మూలలో నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్ ఉంటుంది. నూటికి ఒకటి చొప్పున వాలు ఉంటే నీళ్లు సాఫీగా పోతాయి. ఎనిమిదడుగులంటే 96 అంగుళాలు, అంటే దాదాపు అంగుళం వాటం. తగ్గితే నీళ్లు నిలుస్తాయి, బాగా పెరిగితే నిలబడ్డ మనిషి పాదానికి తెలిసిపోతుంది. మేస్త్రీ సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, నాలుగు గోడల మీదా ఒకే మట్టానికి గీత గీస్తాడు. ఇప్పుడు లేజర్ కూడా వచ్చింది. ఆ గీత నుంచి కిందికి కొలత తలుపు దగ్గర ఎంతుంటే, ట్రాప్ దగ్గర దానికి అంగుళం ఎక్కువ. మధ్యలో అక్కడక్కడ టైలు ముక్కల్ని మాలులో కూర్చి ఆ ఎత్తులు ఖాయం చేస్తాడు. టైల్స్ మొదలుపెట్టక ముందే నీటి దారి సిద్ధమన్నమాట.

చిక్కు ఎక్కడొస్తుందంటే, టైలు వంగదు. ట్రాప్ గది నడుమ ఉంటే నేల నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలాలి. ఆ నాలుగు వాలులూ కలిసే చోటల్లా టైలును ఐమూలగా కోయక తప్పదు. ట్రాప్‌ను మూలకు జరిపితే ఆ బాధ లేదు. నేలంతా ఒకే పలకలా పొడవునా అడ్డంగా కూడా కొద్దికొద్దిగా ఒరిగి ఆ మూలకు దిగుతుంది, టైల్స్ నిండుగా పరుచుకుంటాయి. చాలా ఇళ్లలో ట్రాప్ మూలలోనే కనిపించడానికి ఇది కూడా ఒక కారణం. నేల టైల్స్ అడుగు బై అడుగు ఉంటే చాలు. చిన్న టైలు వాటానికి తేలిగ్గా లొంగుతుంది. రెండడుగులు బై నాలుగడుగుల పలకల్ని స్నానాలగది నేలకు వేయించే ఫ్యాషన్ నాకు నచ్చదు.

ఇక గరుకు. నున్నటి టైలు తడిస్తే, పాదానికీ టైలుకూ మధ్య పల్చటి నీటిపొర నిలిచి పట్టు పోతుంది. సబ్బు కలిస్తే మరీ ప్రమాదం. మ్యాట్ టైలు మీది సన్నటి గరుకు ఆ పొరను చీల్చుకుని పాదాన్ని అందుకుంటుంది. వెనకటివాళ్లు నూరే రోలుకు కక్కు కొట్టించింది కూడా ఇలా పట్టు కోసమే. ఈ పట్టును కొలవడానికి జర్మన్లు ఒక పరీక్ష పెట్టారు. సబ్బునీళ్లు పారుతున్న టైల్స్ పలక మీద మనిషిని వట్టి కాళ్లతో నడిపిస్తూ పలకను మెల్లగా ఎత్తుతారు. 12 డిగ్రీల దాకా జారకపోతే ఏ తరగతి, 18 దాకా అయితే బి, 24 దాకా అయితే సి. షవర్ చోటుకు బి ఉండాలంటారు. డబ్బా మీద ఎక్కువగా కనిపించే ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అంకెలు బూట్లతో, నూనె పోసి చేసే వేరే పరీక్షవి. గరుకు ఎక్కువైనా తంటాయే. సబ్బు మురికీ బోరు నీళ్ల ఉప్పూ ఆ గుంతల్లో చేరి తెల్లగా గడ్డకడతాయి, ఎంత రుద్దినా ఒక పట్టాన వదలవు. పైగా గరుకు మీద పల్చటి నీరు మెల్లగా కదులుతుంది. అందుకని గరుకునూ వాటాన్నీ కలిపే ఆలోచించుకోవాలి.

గోడ లెక్క వేరు. అక్కడ నున్నటి టైలే మేలు. వెలుతురు తిరిగొస్తుంది, గుడ్డతో ఒకసారి తుడిస్తే శుభ్రపడుతుంది. గోడకు వాడే సిరామిక్ టైలు నీళ్లు బాగా పీలుస్తుంది కాబట్టి, సిమెంటుతో అతికించేటప్పుడు ముందు నీళ్లలో నానబెడతారు. లేకపోతే సిమెంటులోని తడంతా అదే లాగేసుకుంటుంది. విట్రిఫైడ్ టైలు అర శాతం కూడా పీల్చదు. దానికి వట్టి సిమెంటు పట్టదు గనుక పళ్లున్న తాపీతో అడ్హెసివ్ గీసి అంటిస్తారు.

గోడ అడుగు వరస దగ్గర ఒక చక్కటి ఉపాయం ఉంది. మేస్త్రీ ముందు రెండో వరస నుంచి పైకి గోడ కట్టుకుపోతాడు, అడుగు వరస ఖాళీగా వదిలేస్తాడు. నేల పూర్తయ్యాక దాన్ని నేల టైలు మీద నిలబెడతాడు. గోడ మీంచి జారిన నీళ్లు నేరుగా నేల టైలు మీద పడతాయి, సందులోకి దిగవు. నేల వాటానికి తగ్గట్టు ఆ వరసలో ప్రతి టైలునూ ఒక్కో ఎత్తున కోయాలి. ఒక కొనకూ ఇంకో కొనకూ అంగుళం తేడా ఉన్నా, గోడ మీది గీత మాత్రం మట్టంగా ఉండటం వల్ల కన్ను ఆ వాలును పట్టుకోదు.

పని అయ్యాక తాపీ పిడితో ప్రతి టైలునూ తట్టి చూస్తారు. డొల్ల శబ్దం వస్తే కింద మాలు నిండలేదన్నట్టే. దాన్ని అప్పుడే లేపి మళ్లీ వేయాలి, లేకుంటే బరువు పడినప్పుడు మూల విరుగుతుంది. ఆ తరవాతే సందుల్లో గ్రౌటు. రెండు మూడు మిల్లీమీటర్ల సందే అయినా తడి కిందికి దిగేది అందులోంచే కాబట్టి, నేలకు ఎపాక్సీ గ్రౌటు పెట్టించుకోవడం మంచిది, ఖర్చు ఎక్కువైనా సరే. ఒకే డిజైన్ అయినా ఒక్కో కాల్పుకు రంగు కాస్త మారుతుంది. డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసిపెట్టుకుని, నాలుగు టైల్స్ అటక మీద దాచుకోండి.