పాట ఎవరి నోటిది?

సినిమా పాట దగ్గర మనం ఎప్పుడో ఒక ఒప్పందానికి వచ్చేశాం. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది, మాటలు మరెవరివో. ఘంటసాల పాడితే ఎన్టీఆరే పాడుతున్నట్టు విన్నాం. రాసింది పింగళి నాగేంద్రరావో, సముద్రాలో రేడియో అనౌన్సరు చెబితే తెలిసేది. అందులో మోసమేమీ లేదు, ఆ కళ పద్ధతే అది. రాప్ మాత్రం ఆ పద్ధతికి లొంగదు. అక్కడ రాసినవాడే నోరు తెరవాలి. చాటుగా ఎవరిచేతో రాయించుకున్నాడని తెలిస్తే రాపర్ పరువు పోతుంది. పాటలో 'నేను' అంటే నిజంగా ఆ మనిషే.

ఈ తేడా నాకు తమిళ రాపర్ అరివు వల్ల బాగా తెలిసొచ్చింది. ఇతనిది అరక్కోణం. చెన్నై నుంచి తిరుపతి రైలెక్కే మనవాళ్లు దాటిపోయే జంక్షనే. అసలు పేరు అరివరసు. ఇంజనీరింగు, ఆ పైన ఎంబీఏ చదివాడు. 2018 జనవరిలో దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి చెన్నైలో 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందాన్ని వేదికెక్కించారు. పందొమ్మిది మంది. ఉత్తర చెన్నై పేటల్లో చావు ఇళ్ల దగ్గర పాడే గానా పాటగాళ్లు, పఱై డప్పు వాయించేవాళ్లు, గిటారు వాళ్లు, రాపర్లు ఒకే వేదిక మీద. పేరు దళిత చింతకుడు అయోతిదాస పండితర్ ఎప్పుడో వాడిన 'కులభేదం లేని తమిళులు' అన్న మాట నుంచి వచ్చింది. బీఫ్ మీద, రిజర్వేషన్ల మీద పాటలు కట్టిన బృందమది. ఆ గుంపులోంచి అరివు గొంతు విడిగా వినపడింది. ఆ ఏడాదే రజనీకాంత్ 'కాలా'కి పాట రాశాడు. 2019లో ఆఫ్రో అనే నిర్మాతతో కలిసి 'తెరుక్కురళ్' అనే సొంత ఆల్బమ్ తెచ్చాడు. పౌరసత్వ చట్ట సవరణ మీద గొడవలు రేగినప్పుడు 'సండ సేయ్‌వోమ్' పాడాడు. అటు సినిమా, ఇటు సొంత పాట. స్వతంత్ర కళాకారుడు అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, ఇంటద్దెలో కొంతయినా సినిమా కట్టకపోతే ఆ స్వతంత్రం ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు అనుమానమే.

రాప్ కట్టే పని గురించి కొంచెం చెప్పుకోవాలి. మా పక్క ఫ్లాట్ కుర్రాడొకడు రాప్ రాస్తాడు. నెట్లోంచి బీట్ దించుకుని, దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డు చేస్తాడు. "అంకుల్, ఎంత రాసినా ఎలక్షన్ ప్రచారంలా వస్తోంది" అని ఒకరోజు కాగితం చేతిలో పెట్టాడు. చూస్తే ప్రతి లైనూ వస్తున్నాను, తెస్తున్నాను, చూస్తున్నాను. చిక్కు వాడిది కాదు, మన వ్యాకరణానిది. క్రియ వాక్యం చివర కూర్చునే భాషలో అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. ఇంగ్లీషులో రాసేవాడు చెమటోడ్చి తెచ్చుకునేది మనకు చేతికందే ఎత్తులో వేలాడుతుంటుంది, అందుకే విన్నవాడికి దాని మీద గౌరవం ఉండదు. మన పద్యం ఈ సంగతి ముందే పసిగట్టింది కాబోలు, ప్రాసను పాదం చివర కాకుండా మొదట్లో, రెండో అక్షరం దగ్గర పెట్టింది. తమిళంలో దాన్నే ఎదుగై అంటారు. మన యతికి దగ్గరగా మోనై ఉంది. అరివు పాటలు వింటుంటే చివరి మోత కంటే ఈ తల దగ్గరి దెబ్బలే నా చెవికి ముందు తగులుతాయి.

రెండో చిక్కు అచ్చులది. రాసే తెలుగులో మాట చివర అచ్చు సాగుతుంది. గాయకుడికి అది వరం. డ్రమ్ము టక్కున ఆగినచోట ఆగాల్సిన రాపర్‌కి అది జారుడుబండ. మాట్లాడే తెలుగు మాత్రం ఆ అచ్చును మింగేస్తుంది. 'ఏమి చేస్తున్నావు' కాస్తా 'ఏంజేస్తున్నవ్' అవుతుంది. అందుకే రాప్ పుస్తకభాషలో నిలవదు. ఏ వాడలో పుట్టిందో ఆ వాడ యాసలోనే నిలుస్తుంది. కుర్రాడికి ఇదే చెప్పాను: మీ నాన్న ఫోన్లో పోట్లాడేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలా రాయి. నవ్వాడు. కానీ రాసుకొచ్చాడు, ముందటికంటే చాలా నయం.

అరివుకి ఇంకో ఆస్తి ఉంది, ఒప్పారి. చావింట ఆడవాళ్లు పోయినవాళ్ల గుణాలూ, ఉన్నవాళ్ల కష్టాలూ వరసగా అల్లుతూ శోకం పెట్టే పాట. మన పల్లెల్లోనూ ఇది ఉంది, దాన్ని పాటగా లెక్కపెట్టడం మనకు తోచలేదంతే. ఒప్పారిలో ఎక్కడ ఊపిరి తీయాలో తాళం చెప్పదు, ఏడుపు చెబుతుంది. రాప్‌లో 'ఫ్లో' అని కుర్రాళ్లు తలకిందులయ్యేది దీని కోసమే. గద్దర్ కూడా పాట మధ్యలో మాటలోకి దిగి, మాటలోంచి మళ్లీ డప్పు మీదికి ఎక్కేవాడు. ఆయన్ను రాపర్ అనడం నాకు నచ్చదు, కానీ తెలుగులో రాప్ రాసేవాడు అమెరికా వెళ్లి వెతుక్కోవాల్సిన అవసరం లేదని మాత్రం అంటాను.

2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. సంతోష్ నారాయణన్ సంగీతం, ధీ, అరివు గొంతులు, ఎ.ఆర్. రెహమాన్ అండతో మొదలైన మాజ్జా సంగీత వేదిక. యూట్యూబులో 40 కోట్ల వీక్షణలు దాటిన పాట. అందులో కథ అరివు అవ్వతాతల కాలానిది. సొంత భూమి లేక శ్రీలంక తేయాకు తోటలకు వెళ్లి, అక్కడ చాకిరీ చేసి తిరిగొచ్చిన జనం. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందం ఆ తోటల జనంలో 5,25,000 మందిని ఇండియాకు పంపాలని రాసుకుంది. వీడియోలో అరివు కుటుంబపు పెద్దావిడ వళ్ళియమ్మాళ్ కనిపిస్తుంది. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి బర్మాకు కూలికి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పాటలు ఎవరింట్లో మిగిలాయో.

పాట పెద్దదయ్యాక రచ్చ మొదలైంది. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, రాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు, అరివు లేడు. పా. రంజిత్ నిలదీశాక అతనితో డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవంలో ఇదే పాటను ధీ, గాయని కిడక్కుళి మారియమ్మాళ్ పాడారు. అరివు అప్పుడు అమెరికాలో ఉన్నాడు. బాణీ, మాట, గొంతు అన్నీ నావేనని అతను రాశాడు. పాట ముగ్గురి పని, హక్కులూ రాబడీ సమంగానే పంచుకున్నామని సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. ఎవరి లెక్క ఎంతో తేల్చే తాహతు నాకు లేదు. ఒకటి మాత్రం అనిపిస్తుంది: మారియమ్మాళ్ బాగానే పాడి ఉండొచ్చు, సినిమా పాటయితే గొంతు మారినా ఏం కాదు. ఇది సినిమా పాట కాదు. ఇంటివాళ్ల కథ చెబుతున్న మనవణ్ణి తప్పించి ఆ కథను వేదికెక్కిస్తే మిగిలేది బాణీ.

ఎంజామి వచ్చిన 2021లోనే, దానికి కొద్దిరోజుల ముందే, మన దగ్గర 'సారంగ దరియా' అనే సినిమా పాట విడుదలైంది. తాను సేకరించి టీవీలో పాడిన జానపదం తనకు చెప్పకుండా సినిమాకెక్కిందని ఒక గాయని బాధపడింది. జానపదం కాబట్టి అందరిదీ అన్నారు కొందరు. అందరిదీ అన్న మాటకు డబ్బు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్కరి సంతకమే కనపడుతుంది.

డబ్బంటే గుర్తొచ్చింది. 2012 కాపీరైట్ సవరణతో సినిమా పాట రాసినవాడి రాయల్టీ వాటా నిర్మాత రాయించుకోవడానికి వీల్లేకుండా పోయింది. సొంత పాటలో మాస్టర్ రికార్డింగు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దొర, ఆ సంగతి తేల్చేది కాంట్రాక్టు కాగితం. 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ వీడియో పెట్టి, ఎంజామి నుంచి తమ ముగ్గురికీ అప్పటిదాకా పైసా రాలేదన్నాడు. మాజ్జా వ్యవహారంలో రెహమాన్ కూడా ఉత్తుత్తి వాగ్దానాలకు బలైనవాడేనని చెప్పాడు. పేరు కోసం వాదించుకున్న ఇద్దరూ ఖాళీ ఖాతా దగ్గర ఒక్కటయ్యారు.

అదే ఏడాది అరివు కొత్త ఆల్బమ్ తెచ్చాడు. పేరు 'వళ్ళియమ్మ పేరాండి', అంటే వళ్ళియమ్మ మనవడు. మొదటి సంపుటం అని కూడా రాసుకున్నాడు.