14 ఏళ్లు నిండనివ్వండి

వరంగల్‌లో బడి పిల్లల కోసం ఒక మంచి బాస్కెట్‌బాల్ అకాడమీ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. పర్వతగిరి మండలంలోని కల్లెడ అనే ఒక్క ఊరి నుంచే ఒకమ్మాయి ఒలింపిక్స్‌కు, ఇంకో అమ్మాయి పారాలింపిక్స్‌కు వెళ్లారు. పిల్లల్లో సత్తా ఉందా అన్న అనుమానం ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది. అకాడమీ అంటేనే కొందరిని ఏరుకోవడం. ఏ వయసులో ఏరుతున్నారు, ఏరగా మిగిలిన పిల్లల్ని ఏం చేస్తున్నారు అన్నదాన్ని బట్టే దాని మంచిచెడ్డలు తేలతాయి. బాస్కెట్‌బాల్‌కు 14 ఏళ్లు నిండేదాకా ఎవరినీ ఏరకూడదని, అప్పటిదాకా బడిలో అందరితోనూ ఆడించాలని నా వాదన.

మనకు అలవాటైన పద్ధతి ఇది కాదు. 1993 నుంచి నడుస్తున్న హకీంపేట క్రీడా పాఠశాలలో పిల్లల్ని నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగు, మెడిసిన్ బాల్ త్రో, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. వాటిలో నిలువు జంప్ పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. పిల్లాడు మడమలు నేలకానించి గోడ పక్కన నిలబడి, చేయి పైకి చాచి, సుద్ద పూసిన వేలితో ఒక గుర్తు పెడతాడు. ఆ తర్వాత మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి ఊపి, నిల్చున్నచోటి నుంచే ఎగిరి ఇంకో గుర్తు పెడతాడు. రెండింటి మధ్య ఎన్ని సెంటీమీటర్లుంటే అదీ లెక్క. కొలతలో తప్పేమీ లేదు. కానీ అది ఆ రోజుకు ఆ కాళ్లలో ఉన్న బలాన్ని మాత్రమే చెబుతుంది. ఒకే తరగతిలో చదివే ఇద్దరు తొమ్మిదేళ్ల పిల్లల మధ్య 10, 11 నెలల తేడా ఉండొచ్చు. ఆ వయసులో అది చాలా పెద్ద తేడా. 1985లో కెనడా పరిశోధకులు ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు తీసి చూస్తే, ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువమంది తేలారు. ఎంపిక నాటికి తోటివాళ్లకన్నా కాస్త పెద్దవాళ్లు కావడమే వాళ్లకు కలిసొచ్చింది. ఆ తర్వాత చాలా ఆటల్లో ఇదే బయటపడింది. పైగా ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలు సుమారు 14 ఏళ్లకు జోరుగా పొడుగవుతారు. అందులోనూ ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. ఎత్తు ఇంతగా అక్కరకొచ్చే ఆటకు ఆ ఎదుగుదల రాకముందే పిల్లల్ని ఎంచడమంటే, మొలకను చూసి పత్తి దిగుబడి లెక్కగట్టడమే.

ఈ ఆటలో ప్రపంచమంతా మెచ్చినవాళ్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువాన్ 15 ఏళ్ల వయసులో గానీ బాస్కెట్‌బాల్ పట్టలేదు. అంతకుముందు ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడేవాడు. కామెరూన్ నుంచి వచ్చిన జోయెల్ ఎంబీడ్ కూడా అంతే ఆలస్యంగా మొదలుపెట్టాడు. టిమ్ డంకన్ చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను వాళ్ల ఊరి ఈతకొలనును ధ్వంసం చేశాకే బాస్కెట్‌బాల్ వైపు మళ్లాడు. ఈ ముగ్గురూ తొమ్మిదేళ్ల వయసులో ఏ బాస్కెట్‌బాల్ ఎంపికకు వచ్చినా వెనక్కి వెళ్లిపోయేవాళ్లే. మన సత్నామ్ సింగ్‌ను చిన్నప్పుడే ఎత్తు చూసి లూధియానా అకాడమీకి తెచ్చారు కదా, 2015లో డల్లాస్ మావరిక్స్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది కదా అనొచ్చు. నిజమే, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. కానీ ఏడడుగులు దాటే మనిషిని గుర్తుపట్టడానికి పెద్ద పద్ధతేమీ అక్కర్లేదు. బంతిని మోసుకెళ్లి, ఎదుటివాళ్ల కాళ్ల కదలిక చదివి, సరైన క్షణంలో పాస్ ఇచ్చే మామూలు ఎత్తు ఆటగాడిని గుర్తించడమే కష్టం. అలాంటివాళ్లు లేనిదే జట్టు లేదు. మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో కనిపించింది ఒకే ఒక్కసారి, 1980లో మాస్కోలో.

ఆలస్యంగా ఏరితే పనవుతుందా అన్న ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే ఉంది. కల్లెడలోని రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత, ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లోని టాటా ఆర్చరీ అకాడమీలో రాటుదేలి, 17 ఏళ్లకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బాణం వేసింది. అదే ఊరి జీవాంజి దీప్తి పరుగును హైస్కూలు వయసులో బడి పీఈటీ గమనించారు. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ శిక్షణలో ఆ పరుగుకు పదునొచ్చింది. 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. విలువిద్య, పరుగు, బాస్కెట్‌బాల్ ఒకటి కావు. అయినా వరస మాత్రం గమనించాలి. ముందు మామూలు ఊరిబడి, అందులో కళ్లు తెరిచి చూసే ఒక సారు, ఆ తర్వాతే అకాడమీ.

పసితనం నుంచి సాధన చేయనిదే ప్రపంచస్థాయి రాదని కోచ్‌లు అంటారు. జిమ్నాస్టిక్స్ వరకు ఆ మాట నిజం. బాస్కెట్‌బాల్‌కు మాత్రం తొందరగా ఆడించడం వేరు, తొందరగా ఏరడం వేరు. పిల్లలు ఆరో ఏట బంతి పడితే సంతోషమే. ఎన్‌బీఏ, యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన సూచనలు కూడా 14 ఏళ్లదాకా ఒక్క ఆటకే కట్టేయొద్దంటున్నాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదిక ఆ గీతను 15, 16 ఏళ్లకు జరిపింది. అంతవరకు బడిలో నేర్పాల్సింది బోలెడుంది. ఎగిరి బంతి అందుకున్న అమ్మాయి కిందికి దిగేటప్పుడు రెండు పాదాలూ ఒకేసారి ఆనుతున్నాయా, మోకాళ్లు మెత్తగా వంగి పాదాల మీదుగానే ఉంటున్నాయా, లోపలికి వాలుతున్నాయా అన్నది చూడాలి. ఈ ఆటలో మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. సరిగ్గా దిగడం నేర్పితే అది తగ్గుతుంది. ఎంపికైన కొద్దిమందికే కాదు, ఎగిరే ప్రతి పిల్లకూ ఈ పాఠం అందాలి.

తల్లిదండ్రుల భయం చదువు గురించి. ఇంటర్, ఎంట్రన్స్‌ల చుట్టూ ఇల్లంతా తిరిగే హనుమకొండలో ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అసలు నేను ఆలస్యపు ఎంపిక కోరుతున్న కారణాల్లో అదీ ఒకటి. నాలుగో తరగతిలో ఇల్లు వదిలిన పిల్లాడికి పదిలో మోకాలు దెబ్బతింటే చేతిలో ఏముంటుంది? 14 దాటాక చేరేవాళ్లకు అప్పటికే చదువులో పునాది పడి ఉంటుంది, ఈ దారి తమకు కావాలో వద్దో చెప్పగల వయసూ వస్తుంది. ఆ అకాడమీ కూడా బడి గోడల లోపలే ఉండాలి. తరగతులు తోటివాళ్లతో కలిసే జరగాలి. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. తెల్లవారుజామున ప్రాక్టీసు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్ పెట్టే టైమ్‌టేబుల్ ఆటనూ చదువునూ రెండింటినీ చెడగొడుతుంది.

ఇక మిగిలింది ఖర్చు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కోర్టు ప్రతి బడికీ సాధ్యం కాదు. కానీ టోక్యోలో ఒలింపిక్ ఆటగా అడుగుపెట్టిన 3×3 బాస్కెట్‌బాల్‌కు 11 మీటర్ల పొడవు, ఒక్క రింగు చాలు. పది నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుంది, ఒక పీరియడ్‌లో తరగతి అంతా ఆడొచ్చు. అసలు ఈ ఆట పుట్టిందే పాఠంగా. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు తన విద్యార్థుల కోసమే దీన్ని తయారుచేశాడు. కాబట్టి వరంగల్ అకాడమీకి డబ్బు కేటాయించే నాడు మొదటి రూపాయి హాస్టల్ భవనానికి వెళ్లకూడదు. జిల్లాలోని హైస్కూళ్లలో పీఈటీ ఖాళీలు నింపాలి, ఒక్కో బడికి ఒక రింగు, చాలినన్ని బంతులు ఇవ్వాలి, బడుల మధ్య ఏడాది పొడవునా లీగ్ నడపాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆ లీగ్‌లో ఆడుతుండగా చూసి, 14 నిండాకే ఏరాలి. ఈసారి కాదన్న పిల్లలకు మరుసటి ఏడు మళ్లీ తలుపు తెరిచి ఉంచాలి. పిల్లల్ని చేర్చే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: ‘మా బిడ్డ జట్టులో లేకపోతే ఈ బడిలో తనకు ఆట ఉంటుందా?’ అవునని చెప్పగలిగిన బడే అకాడమీ పెట్టుకోవడానికి తగిన బడి.