పాత గాయమును దాచవలదు

మోటారు ప్రమాదములలో దెబ్బతిని నష్టపరిహారమునకై నాయొద్దకు వచ్చు కక్షిదారులలో, ఆ ప్రమాదమునకు పూర్వమే కాలో నడుమో చెడియున్నవారు తఱచుగా నుందురు, వారిలో పెక్కుమంది, కాగితములన్నియు బల్లమీద పెట్టిన పిమ్మట, గొంతు తగ్గించి ఒకే మాట చెప్పుదురు: "లాయరుగారూ, ఆ పాత సంగతి ఎత్తకండి, కేసు పోతుంది." ఈ భయమును తొలగించుటయే మా వృత్తిలో మొదటి పని యని నేను నమ్ముదును, ఏలనగా దాచిన గాయము అడ్డుప్రశ్నలలో బయటపడక మానదు, అట్లు బయటపడిననాడు అర్జీదారు చెప్పిన నిజములు సయితము అబద్ధముల వరుసలో చేరును.

చట్టము ఆరోగ్యవంతులను మాత్రమే రక్షించుటకు పుట్టినది కాదు. బాధితుని కపాలము సామాన్యులదానికంటె పలుచనిదైనంత మాత్రమున, అజాగ్రత్తచే హాని చేసినవాని బాధ్యత తగ్గదని 1901లో ఇంగ్లండున డ్యూలియు – వైటు వ్యాజ్యమున న్యాయమూర్తి కెనెడీ చెప్పిన సూత్రము మన న్యాయశాస్త్రమునకును పరిచితమైనదే. దానికి తోడుగా మఱియొక సూత్రము గలదు: ముందే యున్న వైకల్యమునకు కొత్త ప్రతివాది వెల చెల్లింపనక్కఱలేదు, తాను పెంచినంతకే అతడు బాధ్యుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 168వ సెక్షను ట్రిబ్యునలును కోరునది న్యాయమైన పరిహారమును. ఈ రెండు సూత్రముల నడుమ సరిహద్దును సాక్ష్యముతో చూపుటయే న్యాయవాది నేర్పు.

ఆ సరిహద్దు ఎంత తేలికగా తప్పుదారి పట్టునో ఒక ఊహాజనితమైన లెక్కచే చూపెదను. నలువదిరెండేండ్ల తాపీపనివానికి పూర్వము కాలు విఱిగి, రాడ్డు వేయగా, సదరం శిబిరమున 40 శాతము వైకల్యమని ధ్రువపత్రము లభించినదనుకొందము. ఆటో గుద్దిన పిమ్మట అది 60 శాతమైనది. బీమా సంస్థ న్యాయవాది అఱువదిలో నలువది తీసివేసి, మిగిలిన యిరువదికే పరిహారము చెల్లునని వాదించును. కాని ఆ మనుష్యుడు నలువది శాతము వైకల్యముతోనే దినదినము పరంజా ఎక్కి, నెలకు 15,000 రూపాయలు ఆర్జించుచుండెను; నేడు నేలమీద కూర్చుండి చేయు చిన్నపనులు తప్ప మఱేమియు చేయజాలక సగము సంపాదనను కోల్పోయెను. అవయవ వైకల్యశాతమును సంపాదనాశక్తి నష్టముగా యాంత్రికముగా గ్రహింపరాదని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ – అజయ్‌కుమార్ తీర్పున స్పష్టపఱచినది. 2009 నాటి సరళావర్మ తీర్పు ప్రకారము ఆ వయస్సునకు గుణకము 14. ఇరువది శాతమైనచో 5,04,000 రూపాయలు, సగమైనచో 12,60,000 రూపాయలు. ఈ వ్యత్యాసమంతయు, ప్రమాదమునకు ముందటి నాటి యతని జీవితమును మనము ఎంత స్పష్టముగా రుజువు చేసితిమను దానిమీదనే ఆధారపడియున్నది.

ఆ రుజువును సమకూర్చుటయే మిక్కిలి శ్రమతో కూడిన పని. ఆసుపత్రిలో చికిత్స పొందినవారికి పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితములు ఉండును. పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చినవారికి చేతిలో ఏ కాగితమును ఉండకపోవచ్చును. అట్టిచోట మేస్త్రి వ్రాసికొన్న కూలిలెక్కల పుస్తకము, తోడి పనివారి వాఙ్మూలము, ఇరుగుపొరుగువారి మాట సాక్ష్యములగును. చికిత్స చేసిన వైద్యుడు స్వయముగా బోనెక్కి, పాత ఎముక ఎంతవఱకు అతుకుకొనియుండెనో, కొత్త దెబ్బ ఏ భాగమున తగిలెనో, ఈ ప్రమాదమే జరుగకున్నచో ఆ కాలు తనంత తానుగా క్షీణించి యుండెడిదో లేదో విడమఱచి చెప్పవలయును. ఆ విడమఱపు లేని ధ్రువపత్రము ఎన్ని ముద్రలు వేసికొనియున్నను ట్రిబ్యునలునకు దారి చూపజాలదు.

కావున గాయపడినవారికి నా మనవి యిది: ప్రమాదము జరిగిన ఆరు మాసములలోపల అర్జీ వేయవలయునను గడువు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది గనుక, ఆలస్యము చేయక, పాత కాగితములతో సహా రండు, ఆసుపత్రిలో చేరిన మొదటిరోజుననే మీ పూర్వపు గాయమును గూర్చి వైద్యునకు చెప్పి కేసుషీటులో వ్రాయించుడు. అవిటితనముతోనే కష్టించి కుటుంబమును పోషించుకొనుచున్న వానికి, తనకు మిగిలిన ఆ కొద్దిపాటి బలమే సమస్తమైన ఆస్తి. దానిని హరించినవాడు, ఉన్నదే కొంచెము గదా యని చెప్పి తప్పించుకొనరాదు. కొంచెమే యున్నవాని నుండి తీసికొన్నది గనుకనే, దాని వెలను మిక్కిలి జాగ్రత్తగా లెక్కింపవలయునని ప్రతి న్యాయస్థానమునందును నేను వాదింతును.